ఇచ్చే చేతిని మెచ్చుకునే ముందు

మార్చి దగ్గరపడుతోందంటే మన సంఘాల్లో చందా పుస్తకాలు బయటికొస్తాయి. ఎనిమిదో తేదీ సభకి షామియానా, మైకు, కరపత్రాల అచ్చు, పల్లెల నుండి వచ్చే స్త్రీలకి భోజనాలు, అన్నీ డబ్బుతో పని. బజారులో నాలుగు దుకాణాలు తిరుగుతాం. బట్టల దుకాణం యజమాని కొంత ఇస్తాడు, బంగారం కొట్టాయన కొంత ఇస్తాడు, రైసు మిల్లాయన బియ్యం బస్తా పంపిస్తాడు. ఆ సాయంత్రం వాళ్ళలో ఒకరిని వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, సమాజసేవకుడని నాలుగు మంచి మాటలు చెప్తాం. ఇందులో తప్పేముందని ఎవరైనా అడగవచ్చు. తప్పుందని నేను చెప్పబోవటం లేదు. సంపాదించిన దాంట్లో కొంత ఊరికి తిరిగి ఇచ్చే వ్యాపారిని మెచ్చుకోవటం అవసరమే. అయితే ఆ మెచ్చుకోలుకి ఒక విలువ ఉంది. అది మన చేతిలో ఉంది. దాన్ని మనం మరీ చవగ్గా ఇచ్చేస్తున్నామని నాకనిపిస్తోంది.

ఈ విషయం ఇప్పుడు మాట్లాడుకోవటానికి కారణం ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ వల్ల ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకి ఇవ్వటానికి వీల్లేకుండా పోయింది. పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుండి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థల ద్వారా ఎంతో కొంత అందుకుంటూ వచ్చిన జిల్లా స్థాయి స్త్రీల సంఘాలు స్థానిక దాతల వైపు చూడక తప్పని పరిస్థితి ఏర్పడింది. దీన్ని నేను పూర్తిగా నష్టమని అనుకోను. ఎక్కడి నుండో వచ్చే డబ్బుతో నడిచే సంఘం కంటే తన ఊరి డబ్బుతో నడిచే సంఘానికి ఊళ్ళో వేళ్ళు గట్టిగా ఉంటాయి. కాని ఆ ఊరి డబ్బే రేపు మన నోరు కట్టెయ్యకుండా చూసుకోవలసిన బాధ్యత కూడా మన మీదే పడుతుంది.

వ్యాపారులు ఇచ్చేదంతా బూటకమని, లాభాలు కప్పిపుచ్చుకోవటానికేనని కొట్టిపారేసే ధోరణి మన ఉద్యమాల్లో కొంత ఉంది. దానితో నాకు ఏకీభావం లేదు. మే నెల ఎండలో బస్టాండు దగ్గర మట్టికుండలు పెట్టి, పైన తాటాకు పందిరి వేసి, ఒక మనిషికి జీతమిచ్చి నీళ్ళు పోయించే కిరాణా వర్తకుడు ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు. ప్రభుత్వ బళ్ళో పదో తరగతిలో మొదటొచ్చిన అమ్మాయికి ఇంటర్ ఫీజు కట్టే మందుల షాపాయన ఒక పెళ్ళిని మూడేళ్ళు వాయిదా వేయించవచ్చు. ఇవి చిన్న విషయాలు కావు. పైగా స్థానిక వ్యాపారి మన కళ్ళెదుట ఉంటాడు. పేరు తెలుసు, ఇల్లు తెలుసు, వెళ్ళి అడగవచ్చు. బొంబాయిలో ప్రధాన కార్యాలయం ఉన్న కంపెనీని ఆ విధంగా అడగలేం.

మన భాషలో స్త్రీల చరిత్రకే వ్యాపారుల డబ్బుతో చుట్టరికం ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టాడు. తలనొప్పి మందు మీద వచ్చిన లాభంతో 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి నడిపాడు. ఇంకా దగ్గరి ఉదాహరణ డాక్టర్ కె.ఎన్. కేసరి. ఆయన మద్రాసులో కేసరి కుటీరం పెట్టి స్త్రీల గర్భాశయ బాధలకి లోధ్ర అనే మందు తయారుచేసి అమ్మాడు. 1928లో గృహలక్ష్మి పత్రిక ప్రారంభించాడు. రచయిత్రులకి గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇచ్చే సంప్రదాయం నెలకొల్పాడు. 1934లో కనుపర్తి వరలక్ష్మమ్మ ఆ కంకణం అందుకుంది. స్త్రీల నొప్పి మీద సంపాదించిన సొమ్ములో కొంత స్త్రీల రాతకి తిరిగొచ్చిందన్నమాట. ఆ పత్రిక పేరులోనే ఉన్న గృహిణీ ఆదర్శంతో మనం ఎంతైనా విభేదించవచ్చు. కాని స్త్రీలు రాసి, అచ్చులో తమ పేరు చూసుకునే చోటు ఒకటి ఆ డబ్బు వల్ల ఏర్పడిందన్నది నిజం.

దాతల జీవితచరిత్రలు మనకి బాగానే ఉన్నాయి. ఆ మందులు నూరిన వాళ్ళెవరు, సీసాలు కడిగిన వాళ్ళెవరు, చీటీలు అంటించి డబ్బాలు కట్టిన వాళ్ళకి రోజుకి ఎంత ముట్టింది అన్న ప్రశ్నకి ఆ పుస్తకాల్లో చోటు దొరకటం అరుదు. ఏ ఒక్క దాతనో తప్పుపట్టటానికి ఈ మాట అనటం లేదు. దానం గురించి మనం కథ చెప్పుకునే పద్ధతే అలాంటిది. ఇచ్చే చేయి కనపడుతుంది. ఆ చేతిలోకి సొమ్ము ఎట్లా వచ్చిందో చెప్పే భాగం రాయకుండానే కథ పూర్తవుతుంది. స్త్రీవాదులుగా మనం ఇంటి శ్రమ విషయంలో ఈ పద్ధతిని ఎప్పుడో పట్టుకున్నాం. "ఆయన ఇంటిని పోషిస్తున్నాడు" అన్న వాక్యంలో ఆమె శ్రమ ఎట్లా మాయమవుతుందో విడమర్చి చెప్పాం. బజారు విషయంలో మాత్రం అంత పట్టుదల చూపించటం లేదు.

బజారులో స్త్రీల శ్రమ అంటే ముందుగా గుర్తొచ్చేది బట్టల దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు. పదో తరగతో ఇంటరో చదివి, చుట్టుపక్కల పల్లెల నుండి ఆటోల్లో బస్సుల్లో పొద్దున్నే వచ్చి, రాత్రి షట్టరు దించేదాకా నిలబడి ఉండేవాళ్ళు. నా పరిశోధనలో భాగంగా కోస్తాలోని ఒక పట్టణంలో ఇట్లాంటి కొందరితో మాట్లాడాను. ఆ పట్టణంలో పేరున్న దుకాణం ఒకటి ప్రతి వేసవిలో పెద్ద చలివేంద్రం పెడుతుంది. దాన్ని ప్రజాప్రతినిధి వచ్చి ప్రారంభిస్తారు, పత్రికల్లో ఫోటో వస్తుంది. ఆ దుకాణంలో చీరల విభాగంలో పనిచేసే ఒకామె నాతో ఇట్లా అంది: "మేడమ్, చలివేంద్రం మా గుమ్మం ముందే. మధ్యాహ్నం మజ్జిగ కూడా పోస్తారు, మంచి మజ్జిగే. మేం మాత్రం తాగం. తాగితే బాత్రూంకి పోవాలి. ఆడవాళ్ళకి వేరే బాత్రూం లేదు. గోడౌన్ వెనకాల ఒకటుంది, దానికి గడియ పడదు."

ఈ మాట గురించి తొందరపడి ఒక నిర్ణయానికి రావద్దని పాఠకుల్ని కోరుతున్నాను. ఆ చలివేంద్రం అబద్ధం కాదు. అక్కడ నీళ్ళు తాగిన రిక్షా కార్మికుడి దాహం నిజంగానే తీరింది. కాని అదే గుమ్మానికి లోపల ఒక స్త్రీ దాహాన్ని బిగపట్టుకుని నిలబడి ఉంది. నీళ్ళు తాగకుండా గంటల తరబడి ఉంటే మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వస్తాయని, రోజంతా నిలబడితే కాళ్ళలో నరాలు ఉబ్బుతాయని మనలో ఆరోగ్య కార్యకర్తలకి వేరే చెప్పనక్కరలేదు. వీధికి ఇచ్చింది దానమై పత్రికకెక్కింది. లోపల ఇవ్వవలసింది ఇవ్వకపోవటం ఎవరికీ వార్త కాలేదు. నేనడిగేది ఒక్కటే. మనం శాలువా కప్పేటప్పుడు ఈ రెండిట్లో దేన్ని చూసి కప్పుతున్నాం?

ఇక్కడ స్థానికతకి ఉన్న రెండో ముఖం కూడా చూడాలి. యజమాని తెలిసినవాడు కావటం మనకెంత సౌకర్యమో, పనిచేసే అమ్మాయికి అంత సంకటం. "నువ్వు మా ఇంటి పిల్లవి" అంటాడు. తండ్రికి ఆస్పత్రి అవసరం వస్తే అప్పిస్తాడు, పెళ్ళికి చీర పెడతాడు. ఈ ఆప్యాయతలో నిజమూ ఉంటుంది. కాని ఇంటి పిల్ల జీతం పెంచమని అడగదు. ఓవర్‌టైం లెక్క రాసిపెట్టుకోదు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వాడి చూపు గురించి ఫిర్యాదు చెయ్యదు. కుటుంబంలో హక్కుల మాట ఎత్తితే ఎట్లా బంధం చెడినట్లవుతుందో దుకాణంలోనూ అంతే. పితృస్వామ్యం తన భాషని ఇంటి నుండి బజారుకి తెచ్చుకుంటుంది. అందువల్ల లోపలి అమ్మాయి అడగలేని మాటని బయట ఉన్న స్త్రీల సంఘం అడగవలసి ఉంటుంది.

అడిగితే ఏమవుతుందో కేరళ చూపించింది. కోళికోడ్‌లోని మిఠాయి తెరువు బట్టలకీ తినుబండారాలకీ పేరుపడ్డ పాత బజారు. అక్కడి దుకాణాల్లో పనిచేసే స్త్రీలకి మరుగుదొడ్లు లేవు, కూర్చునే వీల్లేదు. కుట్టుపని చేసుకునే విజి పళ్ళితొడి, మరికొందరు స్త్రీలు పెణ్‌కూట్టు అనే బృందంగా ఏర్పడి ముందు మరుగుదొడ్ల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాడారు. ఏళ్ళ తరబడి సాగిన ఆ ఆందోళన ఫలితంగా 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టాన్ని సవరించి, పనివేళల్లో కూర్చునే ఏర్పాటు చెయ్యటం యజమాని బాధ్యతగా చేసింది. తమిళనాడు 2021లో ఇట్లాంటి సవరణే తెచ్చింది. నిలబడి పనిచేసే వాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్ఖానా కార్మికులకి ఎప్పుడో చెప్పింది. దుకాణంలో నిలబడే స్త్రీకి అదే మాట చట్టంలో రావటానికి 70 ఏళ్ళు పట్టింది. 2025 నవంబరు 21 నుండి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కూడా నిలబడి పనిచేసే వాళ్ళకి కూర్చునే ఏర్పాటు గురించి ఉంది. అది పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలకి వర్తిస్తుంది. కాబట్టి బల్ల వెయ్యమని అడగటం ఎవరి దయనో కోరటం కాదు.

పెద్ద కంపెనీల విషయంలో చట్టం ఒక గీత స్పష్టంగా గీసింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం 500 కోట్ల నికర విలువ గాని, 1000 కోట్ల టర్నోవర్ గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. సొంత ఉద్యోగుల సంక్షేమానికి పెట్టిన ఖర్చు ఆ లెక్కలోకి రాదని నిబంధనలు చెప్తున్నాయి. పనిచేసిన వాళ్ళకి ఇవ్వవలసింది బాకీ, దాన్ని దానం ఖాతాలో రాసుకోవద్దని దీని భావం. మన ఊరి దుకాణాలు ఈ సెక్షను కిందికి రావు. కాని ఇందులోని నీతి వాటికీ పనికొస్తుంది. ముందు బాకీ తీరాలి, తర్వాతే దానం. పల్లెల్లో ఏ ముసలమ్మనడిగినా ఇదే చెప్తుంది. అప్పు ఎగ్గొట్టి అన్నదానం చేసేవాణ్ణి ఊరు ఎప్పుడూ గౌరవించలేదు. కూలి ఎగ్గొట్టి చేసేవాణ్ణి మాత్రం ఎందుకు గౌరవించాలి?

"సమాజానికి ఇవ్వటం" అన్న మాటలో సమాజం ఎవరన్నది ఇంకో చిక్కు. మన దగ్గర కమ్యూనిటీ అన్న ఇంగ్లీషు మాటకి వాడుకలో ఉన్న అర్థం కులం. "ఆయన మా కమ్యూనిటీకి చాలా చేశాడు" అంటే కుల హాస్టలు కట్టించాడని, కుల కల్యాణ మండపానికి స్థలం ఇచ్చాడని, కులంలో పేద పిల్లలకి స్కాలర్‌షిప్ ఇచ్చాడని. యాత్రాస్థలాల్లో కులాల పేర్లతో ఉన్న సత్రాలు ఈ సంప్రదాయానికి పాత గుర్తులు. వీటివల్ల చదువుకున్న వాళ్ళు ఎందరో ఉన్నారు, కాదనను. కాని ఆ దుకాణంలో సరుకు కొన్నది అన్ని కులాల వాళ్ళు. బస్తాలు మోసింది, గచ్చు కడిగింది ఎక్కువగా దళిత, బహుజన స్త్రీలు. అందరి దగ్గర నుండి వచ్చిన సొమ్ము ఒక్క వాకిట్లోకి తిరిగి వెళ్తే దాన్ని ఊరికి ఇవ్వటం అని ఎట్లా అంటాం? స్త్రీలకి ఇచ్చే దానాల్లో కూడా పుస్తెలు, మట్టెలు, సామూహిక వివాహాల ఖర్చు ముందుంటాయి. అమ్మాయికి పెళ్ళి చేసి పంపటానికి దొరికినంత సులభంగా, ఆమె పాలిటెక్నిక్ చదవటానికీ, భర్త కొడితే నాలుగు రోజులు తలదాచుకునే చోటుకీ డబ్బు దొరకదు. దాత ఎంచుకున్న అవసరాల్ని బట్టి అతను స్త్రీని ఎట్లా చూస్తున్నాడో అర్థమవుతుంది.

తీసుకోకూడని దానం కూడా ఉంటుంది. ఇది మన ఉద్యమానికి పుట్టుకతో తెలిసిన పాఠం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. సారా మీద వచ్చే ఆదాయం లేకపోతే సంక్షేమ పథకాలు ఎట్లా నడుస్తాయని అప్పుడు అడిగినవాళ్ళున్నారు. మా కూలి డబ్బులు తీసుకుని మాకే సంక్షేమం ఇస్తారా అన్నది స్త్రీల వాదన. ఇవాళ ఉత్తర తెలంగాణలో కొన్ని ఊళ్ళలో గ్రామాభివృద్ధి కమిటీలు బెల్టు షాపు నడిపే హక్కుని వేలం వేసి, ఆ సొమ్ముతో గుడి కట్టటం, ఊరి పనులు చేయించటం గురించి పత్రికల్లో తరచుగా చూస్తున్నాం. ఆ షాపు నడిపేవాడు కూడా ఊరికి ఇస్తున్న స్థానిక వ్యాపారే. కాని అతనిచ్చే ప్రతి రూపాయీ ఏదో ఒక ఇంట్లో స్త్రీ చేతిలో నుండి గుంజుకున్నదే, చాలాసార్లు దెబ్బలతో సహా. గుడికి చేరినంత మాత్రాన ఆ డబ్బు స్వభావం మారదు.

అయితే ఎవరిని మెచ్చుకోవాలి? పేరు పెట్టి చెప్పగలిగినవి ఉన్నాయి. అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వంలో సహకార గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. అదే ఊళ్ళో 2002లో స్త్రీలే సభ్యులుగా, స్త్రీలే పాలకవర్గంగా మహిళా స్వకృషి డెయిరీ మొదలైంది. పొదుపు సంఘాల్లో లెక్కలు నేర్చుకున్న గ్రామీణ స్త్రీలు, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఇచ్చిన స్వేచ్ఛని ఉపయోగించుకుని పాల వ్యాపారంలోకి దిగారు. పాలు పోసిన స్త్రీకి పాల డబ్బులతో పాటు మిగులులో వాటా బోనస్‌గా తిరిగొస్తుంది. ఇక్కడ ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి వేరు కావు. శాలువా కప్పటానికి దాత అంటూ విడిగా ఎవరూ ఉండరు. 1959లో బొంబాయి గిర్గాఁవ్‌లో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ అప్పడాలది కూడా ఇదే సూత్రం. అప్పడాలు ఒత్తే స్త్రీలే అందులో భాగస్వాములు. ఒత్తినదానికి కూలీ, లాభంలో వాటా రెండూ వాళ్ళకే చెందుతాయి. మనం "తిరిగి ఇచ్చే వ్యాపారం" అన్నపుడు ముందు వరసలో నిలబెట్టవలసినవి ఇవి.

చట్టం చేత ఇప్పించిన సందర్భమూ ఒకటుంది. బీడీల మీద సెస్సు వేసి, ఆ సొమ్ముతో బీడీ కార్మికులకి ఆస్పత్రులు, పిల్లలకి స్కాలర్‌షిప్పులు, ఇళ్ళు ఇవ్వటానికి 1976లో సంక్షేమ నిధి చట్టాలు చేశారు. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని రోజంతా వంగి బీడీలు చుట్టే స్త్రీలకి అది దయగా రాలేదు, హక్కుగా వచ్చింది. 2017లో జీఎస్టీ వచ్చినపుడు ఆ సెస్సు రద్దయింది. సొంత వనరు పోయాక అలాంటి నిధి ప్రభుత్వ బడ్జెట్ కేటాయింపుల మీద ఆధారపడుతుంది. వ్యాపారం తన కార్మికులకి తిరిగి ఇవ్వటాన్ని దాత మంచితనానికి వదిలెయ్యకుండా లెక్కలో రాసిపెట్టే పద్ధతి అట్లా ఒకటి తగ్గిపోయింది. దాని మీద మన సంఘాల్లో జరగవలసినంత చర్చ జరగలేదు.

ఇక అసలు లెక్కలోకే రాని దాతలున్నారు. వీధి చివర ఇడ్లీ బండి పెట్టుకున్న స్త్రీ, చిన్న కిరాణా కొట్టు నడుపుకునే వితంతువు, గంపలో కూరగాయలు అమ్మే ఆమె. తెలంగాణలో ఉద్దెర అంటారు, కోస్తాలో అరువు అంటారు. పనుల్లేని రోజుల్లో వాడలో పొయ్యి వెలిగేది చాలాసార్లు ఆ అరువు మీదే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక కూలి పనులు ఆగిపోయిన ఇళ్ళకి, రేషను చేతికందేలోగా ఉప్పు, పప్పు ఇచ్చి నోటుపుస్తకంలో రాసుకున్నది ఇట్లాంటి కొట్లే. ఆ పద్దుల్లో కొన్ని తిరిగి వసూలు కాలేదు. వడ్డీ లేకుండా, హామీ లేకుండా, ఫ్లెక్సీ లేకుండా ఇచ్చిన అప్పది. దాన్ని ఎవరూ సమాజసేవ అనరు. ఆడవాళ్ళు ఇంట్లో చేసే చాకిరీని పని అనకపోవటానికీ, కొట్లో చేసే ఈ సాయాన్ని దానం అనకపోవటానికీ మూలం ఒక్కటే. పురుషుడు ఇస్తే ఔదార్యం, స్త్రీ ఇస్తే స్వభావం.

ఇదంతా విన్న కార్యకర్తలు కొందరు నన్ను అడిగే ప్రశ్న న్యాయమైనదే. ఇచ్చేవాళ్ళే తక్కువ, వాళ్ళని కూడా రిజిస్టర్లు చూపించమంటే రేపు గుమ్మం తొక్కనిస్తారా, హింసకి గురైన స్త్రీని రాత్రికి రాత్రి ఆస్పత్రికి తీసుకెళ్ళటానికి కారిచ్చేది ఆ వ్యాపారే కదా అంటారు. చిన్న వ్యాపారి కష్టాలు కూడా నాకు తెలుసు. మాల్‌లు, ఇంటర్నెట్‌లో అమ్మకాలు, షాపు అద్దెలు అతన్ని అన్ని వైపులా నొక్కుతున్నాయి. అయితే కొన్ని ప్లాస్టిక్ స్టూళ్ళు వెయ్యటానికీ, మరుగుదొడ్డికి గడియ బిగించటానికీ చలివేంద్రం కంటే ఎక్కువ ఖర్చు కాదు. అడిగే పద్ధతిలో కూడా తేడా ఉంటుంది. తప్పు పట్టుకోవటానికి వెళ్ళిన వాళ్ళలా కాకుండా, పేరు నిలబెట్టటానికి వెళ్ళిన వాళ్ళలా అడగవచ్చు. బజారులో పేరు కూడా ఒక పెట్టుబడి. స్త్రీలు ఎక్కువగా కొనే బట్టలు, బంగారం, కిరాణా వ్యాపారాల్లో మరీను. స్త్రీల సంఘం మెచ్చుకున్న దుకాణం అన్న మాటకి గిరాకీ ఉందని ముందు మనం నమ్మాలి.

ఆ ఉద్దేశంతో మన సంఘాల ముందు ఒక చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. ఎవరినైనా వేదిక మీద సన్మానించే ముందు అయిదు విషయాలు తెలుసుకుందాం. అక్కడ పనిచేసే స్త్రీలకి కనీస వేతనం అందుతోందా, వర్తించే చోట పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా? కూర్చోటానికి బల్ల, తాగటానికి నీళ్ళు, గడియ పడే మరుగుదొడ్డి ఉన్నాయా? పదిమంది, అంతకు మించి పనిచేసే చోట 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉందా, అంతకంటే తక్కువమంది ఉన్న చోట జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యవచ్చని ఆ స్త్రీలకి తెలుసా? గర్భవతి అయిన ఉద్యోగిని సెలవు తర్వాత తిరిగి పనిలోకి రానిచ్చారా? ఆ దానం ఏ వాడకి చేరుతోంది, ఏం కావాలో ఆ వాడ స్త్రీలని ఎవరైనా అడిగారా? ఈ ప్రశ్నలకి జవాబు యజమాని నోటి నుండే కాక, లోపల పనిచేసే వాళ్ళ నుండి, వాళ్ళ ఉద్యోగానికి ముప్పు రాకుండా తెలుసుకోవాలి. అన్నిటికీ పూర్తి మార్కులు రావాలని నేననటం లేదు. ఒక్క ఏడాదిలో ఒక్క మార్పు చేసినా ఆ మార్పుని పేరు పెట్టి చెప్పి మెచ్చుకుందాం. "సమాజసేవకుడు" అన్న గాలి మాట కంటే, "తన దుకాణంలో పనిచేసే స్త్రీలందరికీ కూర్చోటానికి బల్లలు వేయించిన వ్యాపారి" అన్న మాటకి బరువెక్కువ. పక్క దుకాణం వాడికి అది వినపడుతుంది.

చందా విషయంలో కూడా ఒక కట్టుబాటు అవసరం. ఏ ఒక్క వ్యాపారి ఇచ్చేదీ మన సభ ఖర్చులో పెద్ద భాగం కాకుండా చూసుకుందాం. ఎవరెంత ఇచ్చారో సభలోనే చదివి వినిపిద్దాం. బెల్టు షాపు నుండి, వడ్డీల పేరుతో స్త్రీలని వేధించే ఫైనాన్స్ వాళ్ళ నుండి తీసుకోకూడదని తీర్మానం రాసుకుందాం. వంద రూపాయలిచ్చిన ఇడ్లీ బండి ఆమె పేరు కూడా ఆ జాబితాలో, అదే సైజు అక్షరాల్లో ఉండాలి.

ఈ ప్రశ్నలతో మీ ఊరి బజారులో ఒక్కసారి తిరిగి చూడమని మిత్రుల్ని కోరుతున్నాను. మంచి ఉదాహరణలు తప్పకుండా దొరుకుతాయి. చట్టం అడగకముందే బల్లలు వేసిన వాళ్ళు, రాత్రి పని ముగిశాక అమ్మాయిల్ని బస్టాండుదాకా ఆటోలో పంపే ఏర్పాటు చేసిన వాళ్ళు ఉంటారు. వాళ్ళ గురించి రాసి పంపండి, ఈ పేజీల్లో చర్చిద్దాం. వచ్చే మార్చిలో చందా పుస్తకం పట్టుకుని దుకాణం మెట్లెక్కినపుడు, యజమానికి నమస్కారం చెప్పి, కౌంటరు వెనక నిలబడ్డ అమ్మాయిని కూడా ఒక మాట పలకరించి రండి. "కూర్చోటానికి ఏమన్నా ఉందా అమ్మా?" అని అడిగితే చాలు, మొదలుపెట్టటానికి.